బుల్లమ్మ బోర్డు

నా భార్య బుల్లమ్మకు పై వరసలో ఒక పన్ను విరిగి ఉండేది. చిన్నప్పుడు శ్రీకాకుళం ఒడ్డున పడవ లాగే తాడు తెగి తగిలిందట. అప్పటినుంచి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకునే నవ్వేది. పెళ్లి ఫోటోలో కూడా పెదాలు బిగించుకునే ఉంది. నాతో కాపురం చేసినన్నాళ్లూ ఆ పన్ను నేను సరిగా చూడలేదు.

మా దీవిలో జంగ్లీఘాట్ జెట్టీ దగ్గర బోర్డు మీద మాత్రం ఆ పన్ను నా అరచేతంత ఉండేది.

మూడు దేశాలు కలిసి పెట్టిన బోర్డు అది. మనది ఒకటి, నాకు నోరు తిరగని పేర్ల దేశాలు రెండు. చేపలు ఎండబెట్టే సోలార్ యంత్రం ఇచ్చారు. గాజు కప్పు, లోపల జల్లెడ తట్టలు, ఎండతోనే తిరిగే ఫ్యాను. వానాకాలంలో కట్టెల పొగ పెట్టొద్దన్నారు. భూమి వేడెక్కుతోంది, సముద్రం వేడెక్కుతోంది అని మీటింగులు పెట్టారు. సముద్రం మాట నిజమే. మా నాన్న ఒడ్డు కనబడేంత దూరంలో పట్టిన నెత్తళ్ల కోసం నేను నీళ్లు నల్లబడేదాకా పోవాల్సి వస్తోంది. యంత్రానికి బుల్లమ్మ ఎండపెట్టె అని పేరు పెట్టింది. అదే అందరికీ అలవాటయింది.

ప్రారంభం రోజు నేను వేటలో ఉన్నాను. జరిగింది నా మరదలు భాను చెప్పింది. కొత్త పడవకు చేసినట్టే ఎండపెట్టెకు పసుపు కుంకుమ పెట్టమని బుల్లమ్మను పిలిచారు. పెట్టింది. పడవకైతే ముక్కు మీద కొబ్బరికాయ కొడతాం. ఆమె ఒక చేత్తో కుంకుమ పళ్లెం పట్టుకుని, రెండో చేత్తో కాయ ఎత్తి, నేరుగా గాజు మీదికే దించబోయింది. ప్రాజెక్టు పని చూసే యుగంధర్ “అరే దీదీ, రుకో రుకో!” అని కేక పెట్టాడు. పక్కనున్న విదేశీ ఆవిడ ఎగిరి బుల్లమ్మ మణికట్టు పట్టుకుంది. బుల్లమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అప్పుడే ఎవడో ఫోటో తీశాడు.

ఆ ఫోటోనే బోర్డు చేశారు. మూడు జెండాల కింద, కొబ్బరికాయ ఎత్తి పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతూ నా పెళ్లాం.

“ఓలమ్మ, ఆ పన్నేటి అంత పెద్దగా! జెట్టీ అంతా సూత్తంది. నువ్వెల్లి దించమను,” అంది బోర్డు కట్టిన రాత్రి. మర్నాటినుంచి ఆ బోర్డు కిందుగా కొంగు కప్పుకుని నడిచేది.

యుగంధర్‌ని అడిగాను. ఇక్కడ పుట్టినవాడే, మా వాళ్ల పిల్లాడే.

“మావయ్యా, మూడు దేశాల ముద్రలున్నాయి దాని మీద. మేరే హాథ్ మే నహీ హై. మెయిల్ పెడతాను,” అన్నాడు.

పెట్టాడట.

తర్వాత ఉప్పుగాలికి ఎండపెట్టె ఫ్యాను పట్టేసింది. కొత్త ఫ్యాను చేయాల్సింది ఒక దేశం, డబ్బు ఇవ్వాల్సింది ఇంకో దేశం, బిగించాల్సింది మనవాళ్లు. ముగ్గురూ ఒకరికొకరు మర్యాదగా మెయిళ్లు పెట్టుకున్నారు. ఫ్యాను రాలేదు. బుల్లమ్మ తిరగని యంత్రం గాజును కూడా పాత చీరతో తుడిచేది. ఎందుకే అంటే, “వచ్చాక తిరుగుద్ది కదా,” అనేది.

ఆ ఏడు వానల్లో జ్వరం తగిలి బుల్లమ్మ పోయింది.

బోర్డు మీద నవ్వుతూనే ఉంది. రోజూ తెల్లారి పడవ దగ్గరికి వెళ్లాలంటే దాని కిందనుంచే వెళ్లాలి. బతికుండగా ఆమె అడిగిన పని అదొక్కటే మిగిలింది. మళ్లీ యుగంధర్ దగ్గరికి వెళ్లాను.

“ఉండనీ మావయ్యా. అత్తని అందరూ సూత్తన్నారు. అచ్ఛా హై నా?”

“మీ అమ్మ బొమ్మ కట్టుకో,” అన్నాను. వాడితో మాటలు మానేశాను.

ఈ ఏడు రెండో విడత అని ఆ దేశాలవాళ్లు మళ్లీ వచ్చారు. షామియానా వేశారు, మైకు పెట్టారు. నేను మీటింగు కోసం వెళ్లలేదు. బోర్డు కోసం వెళ్లాను. అప్పుడు మణికట్టు పట్టుకున్న ఆవిడే బోర్డు కింద నిలబడి, జనంలో ఎవరికోసమో వెతుకుతోంది. యుగంధర్ ఏదో చెప్పి నన్ను చూపించాడు. ఆవిడ ముఖం పాలిపోయింది. వచ్చి నా చేతులు పట్టుకుంది. కళ్లలో నీళ్లు. దొంగ ఏడుపు కాదు, అది నాకు తెలుస్తుంది.

“ఏమంటాందంటే మావయ్యా,” అన్నాడు యుగంధర్, “వాళ్ల దేశంలో వాళ్ల ఆఫీసు గుమ్మంలో ఈ ఫోటోనే ఉందంట. లోనికొచ్చే ప్రతోళ్లూ ముందు అత్త నవ్వే సూత్తారంట. మీటింగుల్లో కూడా ఇదే సూపిత్తారంట. నువ్వేమైనా మైకులో సెప్తావా అని అడుగుతాంది.”

అంటే ఆ పన్ను సముద్రాలు దాటింది. అక్కడికెళ్లి నేను ఎవరిని అడగను?

“మైకు వద్దు. బోర్డు దించమను.”

వాడు చెప్పాడు. ఆవిడ ఒక్కసారి బోర్డు వైపు చూసి తలూపింది. అంతే. ఏ మెయిలూ అక్కర్లేకపోయింది. సాయంత్రానికి దించేశారు. ఇన్నాళ్లూ అంత సులువైన పనే అది.

యుగంధర్ ఆ ఫ్లెక్సీ చుట్టి భుజాన వేసుకుని మా ఇంటికి తెచ్చాడు. “నీకే ఇచ్చెయ్యమంది మావయ్యా.”

నాది ఒక్క గది. గోడలన్నీ కలిపినా ఆమె పట్టదు.

“పారెయ్,” అన్నాను.

“మావయ్యా...”

“పారెయ్యమన్నాను.”

మర్నాడు జెట్టీకి వెళ్తే ఇనప చట్రం ఒక్కటే ఉంది. అందులోంచి ఆకాశం కనబడింది. ఆమె కోరిక తీర్చానని అనుకున్నాను. చట్రం కింద కాసేపు నిలబడ్డాను. వెనకనుంచి ఎవరో, “పోలిరాజు భయ్యా, పడవ పోతాంది!” అని అరిచారు.

నెత్తళ్లు పడ్డ రోజు భాను దగ్గరికి వెళ్లాను. ఒడ్డున నేల మీదే ఆరబోసింది. కింద తెల్లటి పట్టా. అంచున జెండా రంగు కనబడింది.

“పారేత్తాంటే నానే తెచ్చుకున్నాను బావా,” అంది భాను నా ముఖం చూసి. “నా పట్టా సిరిగిపోనాది. ఎండపెట్టె తిరగదాయె. బొమ్మ కిందికే పరిసాను. అక్క మొకం మీద సేపలెలా ఏత్తాను?”

పారెయ్యమన్నది నేనే.

ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దిగింది. ఆడవాళ్లు పరుగెత్తారు. చేపలన్నీ ఒక పక్కకి కుప్ప చేసి, ఖాళీ అయిన సగం పట్టా మడిచి వాటి మీద కప్పేశారు. అడుగున ఉన్న బొమ్మ పైకి వచ్చింది. కుప్ప మీద వెల్లకిలా బుల్లమ్మ. వాన ఆమె నోట్లో పడుతోంది.

గాలికి పట్టా అంచు లేచింది. నేను మోకాళ్ల మీద కూలబడి పట్టుకున్నాను. చెయ్యి ఎక్కడ పెట్టానో చూసుకోలేదు. చూస్తే పన్ను పక్కనే ఉంది. అరచెయ్యి జరిపి పన్ను మీద ఆన్చాను. సరిగ్గా సరిపోయింది.

వాన వెలిసింది. ఎండ వచ్చింది.

“బావా, సెయ్యి తియ్యి,” అంది భాను. “పట్టా కింద సేపలు ఉడుకుతున్నాయి.”

తియ్యలేదు.