పాత గీతలు లెక్కలోకి రావు

వెండి లాంతరు స్కేటింగ్ పోటీల వారంలో మా యెడ్లోవా ఊళ్ళో బేకరీ రోజూ కంటే ముందే తెరుస్తారు. జెల్మీరా నూనె మూకుడు పొయ్యి మీద పెట్టి, పొంగిన పిండిని బల్ల మీద పరిచి, గాజు గ్లాసు బోర్లించి గుండ్రాలు కోస్తుంది. అవి నూనెలో ఎర్రగా వేగాక మధ్యలో ఆప్రికాట్ జామ్ పెట్టి, పైన పంచదార పొడి చల్లుతుంది. వాటిని మేము షిష్కీ అంటాం. ఆ వారమంతా ఐసు హాలుకు వెళ్ళే షిష్కీ అన్నీ ఆమె చేసినవే. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు పిండి ముద్ద తీసుకుని చేత్తోనే చేసేస్తారు. జెల్మీరా మాత్రం గ్లాసు లేకుండా ఒక్కటి చెయ్యదు. ఎవరైనా వేళాకోళం చేస్తే, "నాకు గుండ్రం కంటికి ఆనదమ్మా, చిన్నప్పుడే చెప్పేశారు," అంటుంది. నవ్వుతూనే అంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

ఎర్విన్ మాష్టారు మాత్రం ఆ మాట చెవిన పడితే చాలు, వరసలో నిలబడ్డ చోటే తల దించుకుని బూట్ల లేసు చూసుకుంటారు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కుర్రతనం నుంచీ వెండి లాంతరు పోటీలకు జడ్జీ కూడా. ఆయనంత నిజాయితీపరుడు లేడని మా ఊళ్ళో పేరు. పేర్లు ఎలా వస్తాయో మీకు తెలియనిది కాదు.

పోటీ గురించి కాస్త చెప్పాలి. మొట్టమొదట గని వెనకున్న చెరువు గడ్డకట్టినప్పుడు జరిపారు. కప్పు కొనే స్థోమత లేక, గని కార్మికుల లాంతరు ఒకటి తెచ్చి వెండి పూత పూసి ఇచ్చారు. పోలండు వాళ్ళు వచ్చారు, హంగరీ వాళ్ళు వచ్చారు. పాట వాయించే బ్యాండు బరువుకు ఐసు పగిలి, బాకా ఊదేవాడు నడుం దాకా నీళ్ళలో దిగాడు. దిగినా పాట ఆపలేదని మా వాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. తర్వాత హాలు కట్టారు. ఒక ఆగస్టులో రష్యా ట్యాంకులొచ్చాయి, ఆ నవంబరులో సగం మంది విదేశీయులు రాలేదు. మరో ఏడు మంచులో రైలు ఆగిపోయి, జర్మనీ పిల్లలు సామాను లేకుండా వచ్చి మా ఊరి పిల్లల బూట్లు ఎరువు తీసుకుని గెలిచిపోయారు. ఇప్పుడు జపాన్ నుంచి కూడా వస్తున్నారు. పోటీ పెద్దదయింది, లాంతరు మాత్రం అదే.

ఇదంతా మాకు గుర్తుండడానికి కారణం ఐసే. ప్రతి ఏడూ పోటీల వారం మొదటి ఉదయం, కొత్తగా పోసిన ఐసులోంచి ఏదో ఒక పాత ఏడు పైకి తేలుతుంది. ఆ ఏడు ఎవరెవరు ఎక్కడ తిరిగారో, ఎక్కడ పడ్డారో, ఆ గీతలన్నీ తెల్లగా కనబడతాయి. చెరువు రోజుల గీతలైతే వాటితో పాటు దేవదారు ఆకులు కూడా వస్తాయి. ఊరంతా టీ ఫ్లాస్కులు పట్టుకుని వెళ్ళి చూస్తుంది. అందరికంటే పెద్దది హెర్మీనా అత్త ఐసు చుట్టూ ఉన్న చెక్క గట్టు మీద కూర్చుని, "అదిగో, ఆ గుంట చూశారా? హంగరీ వాడు చతికిలబడ్డది అక్కడే. పాపం, ఎంత అందగాడో," అంటూ చదివి చెబుతుంది. మధ్యాహ్నానికి గీతలు కరిగిపోతాయి. బయటి ఊళ్ళ వాళ్ళు కంగారు పడకుండా హాలు గోడ మీద నిబంధనల పట్టీలో చివరన ఒక మాట రాసి ఉంటుంది: పాత గీతలు లెక్కలోకి రావు.

ఎర్విన్ మాష్టారు ఆ రోజు అందరికంటే ముందు, తెల్లవారుతుండగానే హాలుకు వెళ్తారు. ఎంత భక్తో చూడండని ఊరు మెచ్చుకునేది. భక్తి కాదు, భయం. పంతొమ్మిది వందల డెబ్భై ఆరు పైకి తేలుతుందేమోనని.

ఆ రోజుల్లో ఎగరడాలు, గిరగిరా తిరగడాలు మాత్రమే కాదు, గీతలకు కూడా పోటీ ఉండేది. ఒంటికాలి మీద జారుతూ ఐసు మీద ఎనిమిది అంకె గీయాలి. దాని మీదే మళ్ళీ గీయాలి, మళ్ళీ గీయాలి. అన్ని గీతలూ కలిసి ఒక్క గీతలా కనబడితే పనిమంతుల కింద లెక్క. గీసిన పిల్ల పక్కకు తప్పుకోగానే జడ్జీలు ఐసు మీదికి నడిచి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు ఆనేంత దగ్గరగా చూసి మార్కులు వేసేవాళ్ళు. టీవీలో చూడ్డానికి విసుగని తర్వాత తర్వాత ఎత్తేశారు.

ఆ ఏడు జెల్మీరాకు పదిహేనేళ్ళు. ఎర్విన్ మాష్టారి క్లాసులోనే చదివేది. జడ్జీలందరిలోకీ ఆయనే చిన్నవారు. జెల్మీరా ఎనిమిది గీస్తున్నప్పుడు వియన్నా నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన గట్టు దగ్గర ఆయన్ని ఆపి, రమ్ము కలిపిన టీ చేతికిచ్చి, మీలాంటి లెక్కలు తెలిసిన జడ్జీ మాకు లేడే అని పొగిడాడు. మాష్టారు పొగడ్తంతా తాగి, టీ కూడా తాగి వెళ్ళేసరికి మిగతా నలుగురు జడ్జీలూ లేచి వెనక్కి వచ్చేస్తున్నారు. హాల్లో పొగమంచు. ఆయన గబగబా వెళ్ళి ఎదురుగా కనబడ్డ ఎనిమిది దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. అది ఉడికి పగిలిన బంగాళదుంపలా ఉంది. పెదవి విరిచి, తక్కువ మార్కు వేశారు.

వెనక్కి వస్తూ చూశారు. పక్కన ఇంకో ఎనిమిది ఉంది. దాని చుట్టూ నలుగురి మోకాళ్ళ గుర్తులు. తను చూసింది అంతకుముందు బల్గేరియా పిల్ల గీసినది.

అప్పటికే మార్కుల అట్టలు పైకెత్తేశారు. ఇద్దరు జడ్జీలు జెల్మీరా వైపు, ఇద్దరు వేరే పిల్ల వైపు. మాష్టారి మార్కుతో లాంతరు అటు వెళ్ళిపోయింది. లేచి, పొరపాటు జరిగిందని ఒక్క మాట అంటే సరిపోయేది. వియన్నా ఆయన చూస్తున్నాడు. పైగా సొంత ఊరి పిల్ల, సొంత క్లాసు పిల్ల. పక్షపాతం అంటారేమో అని తనకు తాను చెప్పుకున్నారు. కూర్చుండిపోయారు.

అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు క్లాసు అయిపోయాక జెల్మీరా ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

"మాష్టారూ, నా ఎనిమిదిలో తప్పెక్కడుంది? చెబితే దిద్దుకుంటాను."

మాష్టారు సుద్దముక్క వైపు చూస్తూ, "నీకు గుండ్రం కంటికి ఆనదమ్మా. కొందరికి అంతే. నేర్చుకుంటే వచ్చేది కాదు," అన్నారు.

లెక్కల మాష్టారు గుండ్రం గురించి చెబితే ఏ పిల్ల కాదంటుంది? ఆ వారమే స్కేట్లు పినతల్లి కూతురికి ఇచ్చేసింది. కొన్నాళ్ళకు బేకరీలో చేరింది. గ్లాసు పట్టుకుంది.

ఈ ఏడు రెండు సంగతులు జరిగాయి. ఊరి క్లబ్బులో పిల్లలకు స్కేటింగ్ నేర్పే అమ్మాయి పెళ్ళి చేసుకుని బ్ర్నో వెళ్ళిపోయింది. నేర్పేవాళ్ళు లేకపోతే క్లబ్బు ఉండదు, క్లబ్బు లేని ఊళ్ళో పోటీ పెట్టనివ్వరు. హెర్మీనా అత్త బేకరీకి వెళ్ళి, "ఏమే జెల్మీ, నీకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారే ఇక్కడ? ఆ పిల్లల్ని కాస్త చూడరాదూ?" అని బతిమాలింది. "నేనా? వంకర గీతలు నేర్పమంటావా పిల్లలకి?" అని జెల్మీరా గ్లాసు బోర్లించింది. రెండోది, ఇంతకాలం న్యాయం తప్పకుండా మార్కులు వేసినందుకు ఎర్విన్ మాష్టారికి శుక్రవారం సభలో సన్మానం. చిన్న వెండి లాంతరు కూడా చేయించారు.

సోమవారం పొద్దున మాష్టారు హాలు తలుపు తోసేసరికి, ఐసు చదును చేసే బండి నడిపే ఫెర్దో గట్టు మీద మోచేతులు ఆనించి నిలబడి ఉన్నాడు.

"రండి మాష్టారూ. ఈసారి డెబ్భై ఆరు. చూడండి, పైకప్పు కారిన చుక్కలు. ఆ ఏడే కదా కారింది?"

మాష్టారు గట్టు పట్టుకున్నారు.

"అది సరే, ఈ చోద్యం చూడండి," అన్నాడు ఫెర్దో. "ఈ ఎనిమిది బంగారంలా ఉంది. నలుగురు జడ్జీలు దీని దగ్గరే కూర్చున్నారు. వీడెవడో ఐదోవాడు, ఆ వంకరదాని దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. ముందురోజు బాగా పట్టించి ఉంటాడు."

"ఫెర్దో, బండి తియ్యి. ఒకసారి తిప్పెయ్."

"జనం రాకముందేనా? హెర్మీనా అత్త నా తోలు తీస్తుంది."

"నేను చెప్పానని చెప్పు."

మాష్టారు చెబితే మా ఊళ్ళో కాదనేవాళ్ళు లేరు. ఫెర్దో భుజాలెగరేసి బండి కోసం వెళ్ళాడు. వెనక షెడ్డులో ఇంజను దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గింది.

మాష్టారికి అప్పుడు కలిగింది భయం కూడా కాదు, తన మీద తనకే అసహ్యం. ఈ వయసులో కూడా తుడిచెయ్యమనే అన్నాను కదా అని. గట్టు తలుపు తీసుకుని ఐసు మీదికి దిగారు. జారకుండా చిన్నపిల్లాడిలా అడుగులో అడుగు వేసుకుంటూ ఆ మంచి ఎనిమిది దగ్గరికి వెళ్ళారు. నలుగురి మోకాళ్ళ గుర్తుల మధ్య ఐదోవాడికి చోటు ఖాళీగానే ఉంది. అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, వంగి చూశారు.

అన్ని గీతలూ ఒక్క గీతే. వెంట్రుకంత కూడా పక్కకు పోలేదు. బల్ల మీద వృత్తలేఖిని పెట్టి కూడా ఆయన జీవితంలో అంత గుండ్రం గీయలేదు. ఇన్నేళ్ళు దీన్ని తలుచుకుని కుమిలారు కానీ, నిజంగా చూసింది మాత్రం ఇదే మొదలు.

బండి దగ్గరికొచ్చి ఆగింది. "మాష్టారూ, జరగండి మరి."

"జరగను."

లేవాలన్నా లేవలేరు, మోకాళ్ళు పట్టేశాయి. ఆయన అలా ఉండగానే తలుపులు తెరుచుకుని జనం వచ్చేశారు, ఫ్లాస్కులూ నవ్వులతో. హెర్మీనా అత్త గట్టు దగ్గర ఆగి, "ఎవరు పడ్డార్రా?" అంది. ఆమె వెనకే జెల్మీరా, షిష్కీ పళ్ళెం పట్టుకుని.

"జెల్మీరా, ఒకసారి ఇలా రామ్మా," అన్నారు మాష్టారు.

ఆమె పళ్ళెంతోనే వచ్చింది.

"ఇది నువ్వు గీసింది. నేను దాన్ని చూశాను." వేలు వంకరదాని వైపు చూపించారు. "దాన్ని చూసి నీకు మార్కు వేశాను."

జెల్మీరా పళ్ళెం ఐసు మీద పెట్టింది. ఆ ఎనిమిది చుట్టూ మెల్లగా నడిచింది, ఒక గుండ్రం దాటి, రెండోదాని చుట్టూ.

"మర్నాడు నేను మిమ్మల్ని అడిగాను," అంది.

"అడిగావు."

"అప్పటికి మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నాకు గుండ్రం ఆనదని ఎందుకన్నారు?"

"సిగ్గేసింది."

జెల్మీరా ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. ఐసు నీళ్ళు ఆయన ప్యాంటులోకి పాకుతున్నాయి.

"సిగ్గు మీది," అంది. "ఇన్నేళ్ళూ మోసింది నేనా?"

గుండ్రం తెలియదని ఆమె అన్నప్పుడల్లా మేమూ నవ్వాం కదా. అందరం తలా ఒక దిక్కు చూశాం. జెల్మీరా పళ్ళెం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఫెర్దో మాష్టారిని చంకల కింద చేతులు వేసి లేపాడు.

శుక్రవారం సభలో పేరు పిలిచారు. మాష్టారు మైకు దగ్గరికి వెళ్ళి, తను చేసింది మొదటి నుంచి చివరిదాకా చెప్పి, లాంతరు వద్దని దిగిపోయారు. భాష తెలియని జపాన్ పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య తలుపు దాకా నడవడం కంటే నరకం ఇంకోటి ఉండదు. ఆ తర్వాత ఆయన బేకరీ వైపు వెళ్ళలేదు. స్టేషను దగ్గర కొట్లో ఎండిపోయిన రొట్టె కొనుక్కుని తినేవారు. వీధిలో ఎవరైనా పలకరిస్తే అటు తిరిగిపోయేవారు.

ఫిబ్రవరిలో హెర్మీనా అత్తే ఆయన తలుపు కొట్టి కబురు చెప్పింది. "జెల్మీ ఐసు హాలుకు పోతోందట. పిల్లల చేత ఎగరడాలు మాన్పించి ఎనిమిదులు గీయిస్తోందట. ఒక్కోదాని దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూస్తోందట. పిల్లలు ఏడుస్తున్నారు. పోటీ మన ఊళ్ళోనే ఉంటుందిలే. ఈస్టరు ముందటి ఉపవాసాలు వచ్చేస్తున్నాయి, వెళ్ళి నాలుగు షిష్కీ అయినా తెచ్చుకో, ఇలా ఎన్నాళ్ళు?"

మాష్టారు మర్నాడు వెళ్ళి వరసలో చివర నిలబడ్డారు. ముందువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. తన వంతు వచ్చేసరికి తల ఎత్తలేక బల్ల వైపే చూశారు. బల్ల మీద గ్లాసు లేదు. జెల్మీరా పిండి ముద్ద తీసుకుని అరచేతిలో తిప్పి, వేళ్ళతో చదును చేసి నూనెలో వదిలింది. వేగిన దాన్ని కాగితం మీద పెట్టి ఆయన ముందుకు జరిపింది. జామ్ పెట్టలేదు, పంచదార చల్లలేదు.

"ముందు చూడండి," అంది.

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బల్ల అంచుకు గడ్డం ఆనేదాకా వంగారు. కాగితాన్ని నెమ్మదిగా చుట్టూ తిప్పుతూ చూశారు. వెనక జనం ఓపిగ్గా నిలబడ్డారు.

"గుండ్రంగా ఉందమ్మా," అన్నారు చివరికి.

"నాకు తెలుసు," అంది జెల్మీరా. తర్వాత ఆయన భుజం మీదుగా చూస్తూ, "వెనక ఎవరు? రండి," అని పిలిచింది.