నీళ్ళు పోయే దారి

"బీరువా అక్కడే ఉంటుంది" అన్నాడు బెరెండ్, వరసగా మూడో రోజు కూడా.

"ఉండనీ. నేనే నా కంచం పట్టుకుని వంటింట్లో కూర్చుంటాను. ఆ వాసనకి నాకు ముద్ద దిగట్లేదు" అంది రీకా.

"ఏం వాసన? నీ బఠానీ సూపు వాసన. మూడేసి గంటలు ఉడికిస్తావు. ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుందనుకున్నావ్?"

"ఈ నెల్లో సూపు ఎన్నిసార్లు పెట్టానో చెప్పు చూద్దాం."

బెరెండ్ పేపరు తిప్పాడు.

"ఒక్కసారి కూడా పెట్టలేదు. పెట్టలేదని మొన్న సణిగింది కూడా నువ్వే."

"అయితే నీ మొక్కలకి నీళ్ళు తగ్గించు."

ఆ అద్దాల బీరువా రీకా తల్లి హాలండు నుంచి ఓడలో తెచ్చుకున్నది. ఈ ఇంట్లో చేరినప్పటినుంచీ పడమటి గోడకే ఆనుకుని ఉంది. కిందటి శీతాకాలంలో దాని అడుగు చెక్క రంగు మారితే రీకా మైనం రాసింది. ఈసారి లోపలి నీలం కప్పులకి కూడా వాసన పట్టింది. కడిగి పెట్టిన కప్పు రెండు రోజులకే తడి నేలమాళిగ వాసన వేస్తోంది. ఇల్లు తుడిచి తుడిచి చేతులు అరగదీసుకున్న ఆడమనిషికి అంతకన్నా అవమానం ఉండదు.

బయట వాన పడుతూనే ఉంది. కెనడా పడమటి తీరాన ఉన్న బర్నబీలో నవంబరంటే అంతే. గుట్టమీద వాళ్ళ భవనం నాలుగంతస్తులు, పేరు సెవిల్లా కోర్ట్. తొమ్మిదేళ్ళ కిందట కట్టిన వాళ్ళెవరో ఎండదేశపు బొమ్మలు చూసి ముచ్చటపడినట్టున్నారు. కమాను కిటికీలు, గులాబీరంగు ప్లాస్టరింగు, కత్తితో కోసినట్టు చదునైన పైకప్పు. అంగుళం చూరు లేదు. కప్పుమీద పడిన చినుకు నేలకి చేరాలంటే నాలుగంతస్తుల గోడని తడుముకుంటూ దిగవలసిందే. ఎదురు భవనం కూడా వాళ్ళు కట్టిందే. వేసవినుంచీ దానికి నీలం టార్పాలిన్లు చుట్టేశారు. గాలికి అవి రాత్రింబగళ్ళు టపటపా కొట్టుకుంటూంటే, మనిషికి ఎముకలు కనబడేలా ఒళ్ళు ఒలిచినట్టు వాననీటికి కుళ్ళిన గోడలు ఒలుస్తున్నారు.

"మనది అలా కాదు. వాళ్ళు పట్టించుకోలేదు, మనం పట్టించుకున్నాం" అంటూంటాడు బెరెండ్.

మనం అంటే తనే. తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం నుంచి దిగిపోకముందే అపార్ట్‌మెంట్ సంఘంలో మరమ్మతుల పని నెత్తిన వేసుకున్నాడు. ఏటా సెప్టెంబరులో శనివారాలన్నీ దానికే. సందులు మూసే జిగురు నింపిన సిలికాన్ గన్ను చేత్తో పట్టుకుని, నిచ్చెన వేసుకుని, నలభై ఎనిమిది ఇళ్ళ బాల్కనీలూ కిటికీలూ తిరిగేవాడు. ఎక్కడ సందు కనబడితే అక్కడ మూసి, బొటనవేలు తడి చేసుకుని నున్నగా దిద్దేవాడు. అంత శుభ్రంగా ఎవరూ చేయరని అందరూ అనేవారు. క్రిస్మస్‌కి ఒకావిడ కేకు కూడా పంపింది.

ఆ నమ్మకంతోనే కూతురు తినేకా, అల్లుడు గార్త్ మూడేళ్ళ కిందట కింది అంతస్తులో ఇల్లు కొన్నారు. "నాన్న చూసుకునే బిల్డింగు" అంది తినేకా అప్పుడు. ఇప్పుడు గార్త్‌కి ఉత్తరాన ప్రిన్స్ జార్జ్‌లో, కలప మిల్లులో మంచి ఉద్యోగం దొరికింది. డిసెంబరు ఒకటిన చేరాలి. తినేకాకి ఐదో నెల. ఈ ఇల్లు అమ్ముడుపోతేనే అక్కడ ఇల్లు. లూర్దెస్ అనే నర్సు కొనడానికి ఒప్పుకుంది. తల్లినీ, ఏడేళ్ళ కూతుర్నీ తెచ్చుకుని ఉంటుందట. ఆమె మనసు మార్చుకోవడానికి గడువు సోమవారం దాకా. అమ్మేవాళ్ళు నింపే ఫారంలో "గోడల్లో నీరు చేరిన సంగతి మీకేమైనా తెలుసా" అన్నచోట తినేకా "లేదు" అని గీత పెట్టింది. పెట్టిననాడు అది నిజమే.

పోయిన వారం పరదాల కొలతలకి వచ్చి లూర్దెస్ మెట్లమీద బెరెండ్‌ని పలకరించింది. నిచ్చెన చూసి, "బిల్డింగు చూసుకునే పెద్దాయన మీరేనా? అయితే నాకింక బెంగ లేదు" అంది. ఆ రోజంతా బెరెండ్ ఈల వేస్తూనే ఉన్నాడు.

శుక్రవారం అతను సంఘం పనిమీద బయటికి వెళ్ళగానే రీకా కప్పులన్నీ తీసి మంచంమీద పెట్టింది. బీరువా కాళ్ళకింద పాత దుప్పటి తోసి, వీపు ఆనించి నెట్టింది. మొదట కదలలేదు. తరవాత ఒక్కసారిగా జరిగింది.

వెనక గోడకి వేసిన రంగు పొంగి, నీటిబొబ్బలా నిలబడి ఉంది. పక్కనే కుర్చీలో అల్లికల బుట్ట. అందులోంచి ఒక ఊచ తీసి ఆ పొంగుమీద ఆనించింది. నొక్కలేదు, ఆనించిందంతే. ఊచ వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది, చివరనున్న గుండీ వరకూ. తీస్తే నల్లటి తడి అంటుకుని వచ్చింది, పుట్టగొడుగుల వాసనతో.

రీకా ఊచని అయిదుసార్లు కడిగింది. తరవాత గొడుగు వేసుకుని ఎదురు భవనానికి వెళ్ళి, టార్పాలిన్ల కింద టీ తాగుతున్న ఈవో అనే మేస్త్రీని పిలిచింది.

శనివారం మధ్యాహ్నం ఈవో వచ్చేసరికి బెరెండ్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మా ఆవిడ కంగారు మనిషి. నిన్ను ఊరికే తిప్పింది."

"ఊరికే తిరగడం నాకు అలవాటేనండి. తిరిగొచ్చాక గోడ బావుందని చెప్పడమే అలవాటు తప్పింది" అన్నాడు ఈవో, బూట్లు విప్పుతూ.

బీరువా ఉండిన చోట గోడకి లోపలివైపు బిగించిన జిప్సం బోర్డుని నలుచదరంగా కోశాడు. ముక్క చేతిలోకి రాగానే వంగి, రెండుగా విరిగింది. లోపల చలికి కూరిన గాజుదూదిని వేళ్ళతో లాగితే పిండని గుడ్డలా నీళ్ళు కార్చింది. దాని వెనక ప్లైవుడ్ ఉండవలసిన చోట నల్లటి గుజ్జు. ఈవో చెంచాడు తీసి బెరెండ్ అరచేతిలో పెట్టాడు, కాఫీపొడి పెట్టినట్టు.

"ఇదేనండీ మీ గోడ."

"వాన ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒక్క సందు లేదు. నేనే చూశాను" అన్నాడు బెరెండ్.

"వానకి సందు చూపించాలా? చూరు లేదు. బాల్కనీ గోడ నెత్తిన రేకు లేదు. ప్లాస్టరింగు చిట్లితే చాలు. ఈ ఊరి వాన లోపలికి రావడం ఎలాగూ ఆపలేం. వచ్చింది పోవాలి, అంతే."

అతను బాల్కనీలోకి వెళ్ళి కిటికీ కిందకి వంగాడు. వాళ్ళిద్దరూ వెనకే వెళ్ళారు. కిటికీ చట్రం అడుగున, గోడతో కలిసేచోట, తెల్లటి సిలికాన్ గీత ఈ కొసనుంచి ఆ కొసకి నున్నగా ఉంది.

"ఇదిగో" అన్నాడు ఈవో, మడతచాకు మొన పెట్టి. "కట్టినవాళ్ళు చేసిన ఒకే ఒక్క మంచిపని ఇదే. నీళ్ళు బయటికి పోడానికి ఇక్కడ సన్నటి సందు వదిలారు. ఎవడో మహానుభావుడు మూసేశాడు. ఎంత శుభ్రంగా మూశాడో చూడండి, పాపం."

రీకా చూసింది. గీత పొడుగునా, నడిమధ్య, వెంట్రుకంత సన్నటి గాడి. బెరెండ్ చిన్నప్పుడు తులిప్ దుంపలు కోస్తూ బొటనవేలు చీల్చుకున్నాడు. ఆ మచ్చ తగిలినచోటల్లా ఆ గాడి పడుతుంది. వెన్న రాసిన రొట్టెమీద కూడా పడుతుంది. ముప్ఫై ఆరేళ్ళుగా ఆమె ఎరిగిన గాడి. ఆమె తల ఎత్తలేదు.

ఈవో కొస పట్టుకుని సిలికాన్‌ని దారంలా లాగాడు. వెనకాలే టీ రంగు నీళ్ళు సన్నగా కారడం మొదలుపెట్టాయి. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. ఆ ధార ఆగలేదు.

"ఇలాంటివి ఎన్ని మూశారో తెలుసాండీ?" అన్నాడు ఈవో.

"నూట పన్నెండు" అన్నాడు బెరెండ్.

ఈవోకి అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీరు మూయకపోయినా కుళ్ళేదేనండి, ఎదురుది కుళ్ళలా? అక్కడ ఎవరూ ఏమీ మూయలేదు. ఓ నాలుగేళ్ళు ఆలస్యం అయ్యుండేది, అంతే" అన్నాడు మెల్లగా. కాఫీ ఇస్తానంటే వద్దని వెళ్ళిపోయాడు.

సాయంత్రం తినేకా, గార్త్ పైకి వచ్చారు. గోడలో కన్నం చూసి తినేకా కుర్చీలో కూలబడింది.

"సోమవారం దాకా ఎవరికీ చెప్పకండి" అంది.

"తినేకా!" అంది రీకా.

"ఏంటమ్మా? నేను అబద్ధం రాయలేదు. సంతకం పెట్టినప్పుడు నాకు తెలీదు. ఇప్పుడు కూడా తెలిసింది మీ గోడ సంగతి, మా గోడ సంగతి కాదు."

"మీ గోడ మా గోడ కిందే కదే ఉంది. నీళ్ళు కిందకి కాక పైకి పోతాయా?"

"అయితే నన్నేం చెయ్యమంటావ్? ఇక్కడ కూచుని, టార్పాలిన్ కింద కనమంటావా?"

గార్త్ గొంతు సవరించుకున్నాడు. "కొనేవాళ్ళు కూడా తనిఖీ మనిషిని తెచ్చుకున్నారత్తయ్యా. అతనే ఏం లేదన్నాడు. మనం దాచిందేముంది?"

"అతను బీరువా జరపలేదుగా, గార్త్."

బెరెండ్ లేచి, సామాన్ల గదిలోంచి ఒక చెక్క పలక తెచ్చాడు. కన్నం కొలిచి, కోసి, నాలుగు మేకులు కొట్టాడు. చుట్టూ ఎక్కడా సందు లేకుండా కుదిరింది. తరవాత బీరువాకి భుజం ఆనించాడు. గార్త్ ఒక్క క్షణం తటపటాయించి రెండో వైపు పట్టుకున్నాడు. బీరువా వెనక్కి వెళ్ళి గోడకి ఆనింది.

"నా మాట నమ్మి కొన్నారు వీళ్ళు" అన్నాడు బెరెండ్, రీకావైపు చూడకుండా. "వీళ్ళని బయటపడనీ. తరవాత సంఘానికి నేనే చెప్పుకుంటాను. నా తప్పు నేను ఒప్పుకుంటాను."

రీకా మంచంమీది కప్పులు ఒక్కొక్కటే తెచ్చి బీరువాలో సర్దింది. ముప్ఫై ఆరేళ్ళలో అతను ఒక్క అబద్ధం ఆడగా ఆమె వినలేదు. ఇదీ అబద్ధం కాదు. సందు మూయడం, అంతే. కానీ కొడుతూంటే మేకు రెండుసార్లు వంకరపోయింది.

ఆదివారం చర్చినుంచి వచ్చాక కాఫీకి అందరూ బీరువా పక్కనున్న బల్ల దగ్గరే కూర్చున్నారు. వాన కొంచెం కూడా తగ్గలేదు. రీకా బిస్కెట్ల డబ్బా మూత తీసి తలా ఒకటి ఇచ్చింది. ఒకటివ్వడం, మూత పెట్టేయడం, అది వాళ్ళింటి పద్ధతి. పెళ్ళైన కొత్తలో గార్త్ రెండోదానికి చెయ్యి చాపి అభాసు పాలయ్యాడు.

"మూత పెట్టడం మర్చిపోయారత్తయ్యా. ఒంట్లో బానే ఉందా?" అన్నాడు గార్త్, తేలిక పరుద్దామని.

"తీసుకో. ఇవాళ ఎంత కావాలంటే అంత తిను" అంది రీకా.

ఎవరూ తీసుకోలేదు. ఎదురు భవనం టార్పాలిన్లు కొట్టుకుంటున్నాయి. తినేకా కప్పు పెదవుల దాకా తెచ్చి, వాసన చూసి, తాగకుండా పెట్టేసింది.

"నాక్కూడా వచ్చింది ఆ వాసన" అంది నెమ్మదిగా. "రాత్రి మా పడగ్గదిలో. కొత్తగా వచ్చింది కాదు. ఎన్నాళ్ళనుంచో ఉంది. బూట్ల వాసనేమో అనుకున్నాను."

బెరెండ్ బిస్కెట్టు రెండుగా విరిచి, రెండు ముక్కలూ పళ్ళెంలోనే వదిలేశాడు. రీకా అతని బొటనవేలు చూసింది. మచ్చలో సిలికాన్ తెలుపు ఇంకా ఇరుక్కునే ఉంది. ఎంత తోమినా పోదు అది.

ఆమె కాఫీ పూర్తిగా తాగి, కప్పు పక్కకి జరిపింది.

"పొద్దున చర్చికి బయల్దేరే ముందు ఆ నర్సమ్మాయికి ఫోన్ చేశాను" అంది. గొంతు పెంచలేదు. ఉప్పందించమన్నట్టే అంది. "మూడింటికి వస్తుంది. ముందు ఈ గోడ చూపిస్తాను. తరవాత కిందకి తీసుకెళ్ళి మీ గోడ చూపిస్తాను. చూశాక కొంటుందో మానుతుందో ఆవిడ ఇష్టం. ఎల్లుండి సంఘం మీటింగుకి నీతోబాటు నేనూ వచ్చి పక్కన కూర్చుంటాను, బెరెండ్. ఇప్పుడు లేవండి, బీరువా జరపాలి. మీకు చేతకాకపోతే నేను జరుపుతాను, మొన్న నేనొక్కదాన్నే జరిపాను."