సర్పంచ్ గారి తరఫున

కారంపూడి దగ్గర్లోని ఆ ఊరికి రాఘవమ్మ సర్పంచ్ అయి నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో ఆమె మైకు ముట్టుకోలేదు. గ్రామసభలో కుర్చీ ఆమెది, మాట భర్త వెంకట్రామయ్యది. ఇంటికొచ్చి చొక్కా కొక్కేనికి తగిలిస్తూ అతను అడిగేవాడు.

"ఎట్టా మాట్లాడానే?"

"బానే ఉంది" అనేది పొయ్యి దగ్గర్నుంచి. నిజానికి వినేది కాదు. సభ నడుస్తున్నంతసేపూ ఆమె మనసు ఇంటి దగ్గరి గేదె మీద ఉండేది.

మాఘంలో వెంకట్రామయ్య పోయాడు. పెద్దకర్మ మర్నాడే మరిది వెంకటాద్రి వచ్చి, ఇకమీదట సభల్లో తను మాట్లాడతానన్నాడు. అతని లెక్క రాఘవమ్మకు తెలుసు. ఊరికి మంజూరైన బోరు ఎక్కడ వేయాలో వచ్చే సభలో తేలాలి. నీళ్లు లేనిది చివరి కాలనీకి. వెంకటాద్రి చూపిస్తున్న చోటు తన కల్లం పక్కన. మైకు అతని చేతికి పోతే బోరూ అక్కడికే పోతుంది.

మాట్లాడటం ఎట్లా నేర్చుకోవాలని పంచాయతీ కార్యదర్శి ఇరమ్‌ను అడిగింది. మాచర్ల పిల్ల, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. కాగితం చదవొద్దంది. ఒక్క సంగతే చెప్పమంది. మాట అన్నాక కాసేపు ఆగమంది, విన్నవాళ్లకు అది ఎక్కాలి కదా అంది.

"అందర్నీ చూడబాకండి మేడం. వినే మొహం ఒకటి చూసుకుని ఆ మొహానికే చెప్పండి."

సాయంత్రాలు తమ కల్లంలో మిరపకాయలకు కాపలా ఉన్నప్పుడు రాఘవమ్మ లేచి నిలబడి మాట్లాడేది. కూలీలను కేకేస్తే మూడు చేల అవతలికి వినిపించే గొంతు మొదట్లో పెదవి దాటలేదు. చూడటానికి మొహం కూడా లేదు. భర్త కండువా తెచ్చి పందిరి గుంజకు తగిలించి దానికి చెప్పింది. పోగా పోగా గొంతు పెగిలింది. ఆగటం కూడా వచ్చింది.

సభ రోజు ఆమె వెళ్లేసరికి వెంకటాద్రి మైకు పట్టుకుని ఉన్నాడు. ఆమె చెయ్యి చాపింది.

"ఇది గరిటె కాదొదినా" అన్నాడు. ముందు వరుస నవ్వింది. ఆమె చెయ్యి దించలేదు. అందరూ చూస్తున్నారని మైకు ఇచ్చాడు.

రాఘవమ్మ చూపు అలవాటు కొద్దీ కుర్చీ పక్కన భర్త నిలబడే చోటికి పోయింది. అక్కడ ఎవరూ లేరు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సర్పంచ్ గారి తరఫున మీ అందరికీ నమస్కారం."

వెంకట్రామయ్య ప్రతి సభనూ ఆ మాటతోనే మొదలుపెట్టేవాడు. వినలేదనుకుంది గానీ, చెవిలో పడిన మాట అదొక్కటే. షామియానా కింద జనం నవ్వారు. సర్పంచివి నువ్వేగా అమ్మాయ్ అన్నాడో పెద్దాయన. వెంకటాద్రి మైకు కోసం చెయ్యి చాపాడు.

ఆమె ఇవ్వలేదు. మొహం కోసం వెతికింది. అందరి వెనక, చివరి కాలనీ తిరుపతమ్మ నిలబడి ఉంది, చంకలో ఖాళీ బిందె. ఆమె నవ్వటం లేదు.

"ఇన్నాళ్లూ నా తరఫున ఆయన మాట్లాడాడు. ఆయన లేడు. ఇక నా తరఫున నేనే."

ఆగింది. నవ్వు ఆగేదాకా ఆగింది.

"తిరుపతమ్మా, నీళ్లకు ఎక్కడికి పోతన్నావు?"

"మీ మరిది గారి మోటారు కాడికమ్మా. కరెంటుండాల, ఆయనకు బుద్ధి పుట్టాల."

ఈసారి నవ్వు వెంకటాద్రి వైపు తిరిగింది. బోరు కాలనీలో వేద్దామని, వద్దనేవాళ్లు చెయ్యెత్తమని రాఘవమ్మ అడిగింది. ఎవరూ ఎత్తలేదు. వెంకటాద్రి ఫోను చూసుకుంటున్నాడు. ఇరమ్ తీర్మానం రాసింది.

సభ అయ్యాక ఇరమ్ మాచర్ల బస్సుకు వెళ్లింది. తిరుపతమ్మ బిందెతో నీళ్లకు పోయింది. ఎప్పుడూ భర్త బండి వెనక కూర్చుని వచ్చే దారిలో రాఘవమ్మ నడిచి ఇంటికి చేరి తాళం తీసింది. కొక్కేనికి అతని చొక్కా ఉంది. పొయ్యి దగ్గరికి పోకుండా దాని ముందే నిలబడింది.

"ఎట్టా మాట్లాడా?" అని అడిగింది.

మాట అన్నాక ఆగాలి. ఆగింది.

పెరట్లో గేదె అరిచింది. పాలు తీసే వేళయింది.