మునిగే పడవ దగ్గర ఆగిన పుస్తకం

నా షాపు నా కూతురే మూయించింది. అందులో చర్చించడానికి ఏమీ లేదు.

అది పుస్తకాల బైండింగు షాపు. ముందు గదిలో నేను కుట్టేవాణ్ణి. వెనక గదిలో మా ఆవిడ జిగురు కాచేది. మా ఆవిడ పోయాక జిగురు పని కూడా కూతురి మీదే పడింది. చేసింది. బాగానే చేసింది. చిన్నప్పుడు క్షణం నోరు మూయదని మా ఆవిడ దానికి పిచ్చుక అని పేరు పెట్టింది. పెద్దయ్యాక కూడా అదే పేరు, అదే నోరు. ఆ నోటితోనే ఒక రోజు పొద్దున్నే వచ్చి చెప్పింది.

"నాన్నా, పుస్తకాలు చదివి రికార్డు చేసే కంపెనీలో నన్ను తీసుకున్నారు. వచ్చే నెల నుంచి వెళ్తాను."

"పుస్తకం కుట్టేదానివి, పుస్తకం వాగడానికి పోతావా?"

"వాగడం కాదు, చదవడం."

"పైకి చదివేది పసిపిల్లలు."

వెళ్లింది. కొన్నాళ్లు ఒక్కణ్ణే లాగాను. తర్వాత కళ్లు పోయాయి. పూర్తిగా కాదు. గోడలు, తలుపులు, మనుషుల ఆకారాలు కనిపిస్తాయి. దేని మీద చూపు పెడితే అది మాత్రం మాయమవుతుంది. అక్షరం మీద పెడితే దాని చుట్టూ ఉన్న కాగితం కనిపిస్తుంది, అక్షరం కనిపించదు. ఇంతకన్నా బాగుపడదని డాక్టరు తేల్చేశాడు. సూదిలో దారం ఎక్కించలేనివాడికి బైండింగు షాపెందుకు? తాళం వేశాను. పిచ్చుక ఉండి ఉంటే దాని కళ్లతో నడిచేది. కనుక మూయించింది అదే.

షాపు పోయినందుకన్నా చదువు పోయినందుకు ఎక్కువ మండింది. నేను పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. మిగతా చదువంతా బైండింగుకు వచ్చిన పుస్తకాల్లోనే. పగలు కుట్టినది సాయంత్రం చదివి, మర్నాడు సొంతదారుకు ఇచ్చేవాణ్ణి. చట్టం, పశువైద్యం, నాటకాలు, ఏది వస్తే అది. నేను కుట్టిన పుస్తకం విడిపోయిందని వెనక్కి తెచ్చినవాడు లేడు. ఆ మాట చెప్పుకోగలిగినవాళ్లు ఆ వీధిలో ఇంకెవరూ లేరు.

చూపు పోయేనాటికి నా చేతిలో ఒక లావుపాటి నవల ఉంది. రేవులో సరుకు మోసేవాళ్ల కథ. రెండు భాగాలూ కలిపి నా కోసం నేనే కుట్టుకున్నాను. చదవడం సగం అయింది. పడవ నడిపే ముసలి సరంగు ఒకడు, తుఫానులో, మునుగుతున్న పడవలో తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. సరిగ్గా అక్కడ అక్షరాలు పోయాయి. ఆ ముసలాణ్ణి నీళ్లలోనే వదిలేసి ఏళ్లు గడిపాను. ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఈ సంగతి చెప్పి విసిగించాను.

మా అల్లుడు, పిచ్చుక మొగుడు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మాట మీద అదుపు ఉండదు. ఒక ఆదివారం గుండ్రటి స్పీకరు ఒకటి పట్టుకొచ్చాడు.

"మావయ్యా, ఇది పుస్తకాలు చదువుతుంది. మీలాగా అలగదు."

"తీసుకుపో."

"తీసుకుపోతాను. ముందు పనిచేస్తుందో లేదో చూడనివ్వండి."

చూశాడు. ఏ బొత్తాం దేనికో చెప్పాడు. తీసుకుపోవడం మరిచిపోయాడు.

మర్నాడు దాన్ని నొక్కాను. ఎవరో ఒకాయన గొంతు నిండా తేనె పోసుకుని చదివాడు. కాసేపటికే నిద్ర పట్టింది. లేచేసరికి కథలో ముగ్గురు చచ్చిపోయి ఉన్నారు. ఎవరు చంపారో తెలియదు. పుస్తకమైతే మధ్యలో వేలు పెట్టుకుని కునుకు తీస్తాం. గాలిలో వేలెక్కడ పెట్టను? వెనక్కి పోదామని ఏదో నొక్కితే ఆ తేనె మనిషి ఉడుతలా కిచకిచమన్నాడు. అల్లుడికి ఫోను చేశాను.

"మీవాడికి పిచ్చెక్కింది."

అల్లుడు నవ్వి నవ్వి దగ్గాడు. "వేగం బొత్తాం నొక్కారు మావయ్యా. లిఫ్టుల్లోనూ మీలాంటివాళ్లే అన్నీ నొక్కేసి, ఆగలేదని నా మీద పడతారు."

బొత్తాలన్నీ ఒకేలా నున్నగా ఉన్నాయి. తప్పు నాది కాదు. మూలనున్న పాత పెట్టె తెరిచి షాపు తుక్కు బయటికి తీశాను. ఆపే బొత్తాం మీద గరుకు గుడ్డ ముక్క, వెనక్కి పోయే బొత్తాం మీద తోలు ముక్క అతికించాను. వేగం బొత్తాం మీద దారం ముడి. అది ముట్టుకోకూడనిదని గుర్తు. జిగురు నేనే కాచాను. వేలికి తగిలిన పాకం చాలు, కళ్లతో పని లేదు. ఆ వారం చివరికి ఎవరి సాయమూ లేకుండా ఒక పుస్తకం మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ముగ్గుర్నీ ఎవరు చంపారో తెలుసుకున్నాను.

అల్లుడు వచ్చి చేత్తో తడిమి చూశాడు. "దీనికి కూడా బైండింగు చేసేశారా!"

"ఆ రేవు నవల ఉందా ఇందులో?"

అతను స్పీకరు కింద పెట్టాడు.

"ఉంది. చదివింది పిచ్చుక."

"ఇంకెవరూ చదవలేదా?"

"అంత లావు పుస్తకం ఎవరు నెత్తికెత్తుకుంటారు మావయ్యా? తనే పట్టుబట్టి చదివింది."

"అయితే వద్దు."

"సరే. ఆ సరంగును చేపలు పీక్కు తినేదాకా అలిగి కూర్చోండి."

ఆ పుస్తకం స్పీకరులో పెట్టేసి వెళ్లిపోయాడు. నేను దాని జోలికి పోలేదు. షాపు వదిలి పోయినదాని గొంతు వింటే, వదిలి పోవడం సబబే అని ఒప్పుకున్నట్టు. వినకపోతే సరంగు ఏమయ్యాడో తెలియకుండానే నేను పోతాను. ఇంకెవరి గొంతులోనూ ఆ పుస్తకం లేదు. రెండింటి మధ్య కొన్నాళ్లు నలిగాను. చివరికి ఒక మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి నొక్కాను. వినడానికి కాదు, తప్పులు పట్టడానికి. అందుకే మొదటి నుంచీ పెట్టాను.

దాని గొంతులో తేనె లేదు. ఏడ్చే చోట ఏడవలేదు, అరిచే చోట అరవలేదు. మాటను ఉన్నది ఉన్నట్టు నా ముందు పెట్టింది. కాసేపటికి గొంతు ఆగింది. యంత్రం చెడిందనుకుని "ఊఁ" అని విసుక్కున్నాను. గొంతు కదిలింది. మళ్లీ కాసేపటికి ఆగింది. మళ్లీ "ఊఁ" అన్నాను. కదిలింది.

అప్పుడు తెలిసింది.

పాత పుస్తకాలు బైండింగుకు వస్తే అంచులు చిరిగి పేజీ అంకెలు పోయి ఉంటాయి. కుట్టే ముందు ఒకరు ఈ పేజీ చివరి మాట, తర్వాతి పేజీ మొదటి మాట చదివి అతుకు సరిపోయిందో లేదో చూడాలి. మా షాపులో ఆ పని పిచ్చుకది. రెండు మాటలు చదవమంటే అది పేజీ మొత్తం చదివేది. నా చేతులు కుడుతుండేవి, చెవులు వింటుండేవి. పేజీ చివర ఆగేది. నేను "ఊఁ" అంటేనే తిప్పేది. పైకి చదివేది పసిపిల్లలని వెక్కిరించినవాణ్ణి, అన్నేళ్లు నేను చేసింది వినడమే.

ఆ రోజు అన్నం వేళ దాటిపోయింది. మర్నాడూ దాటిపోయింది. సరంగు సంగతి తేలింది. ఏమయ్యాడో చెప్పను. తెలియనివాళ్లు చదువుకోండి, లేదా వినండి.

వారం తిరక్కుండా అల్లుడు వచ్చాడు. విన్నానని, పేజీ పేజీకీ ఆగుతోందని చెప్పాను. "ఆ ఖాళీలన్నీ కత్తిరించమని వాళ్ల కంపెనీ పెద్దాయన గొడవపడ్డాడు మావయ్యా. కత్తిరిస్తే నా పేరు కూడా కత్తిరించండి అంది మీ అమ్మాయి. ఇప్పుడేమో ఈవిడ చదివితే తీరిగ్గా ఉంటుందని వినేవాళ్లు ఆయనకే రాస్తున్నారట."

"మొండిది" అన్నాను.

"ఎవరి పోలికో" అన్నాడు.

మొండిదే. అతను వెళ్లాక ఆ మాట నాలో నేను మళ్లీ అనుకున్నాను. పనిలో మొండితనం లేనివాణ్ణి నా షాపు గడప తొక్కనివ్వలేదు నేను.

ఆ తర్వాతి ఆదివారం పిచ్చుకే వచ్చింది. నిలబడే మాట్లాడింది. నా ఇంట్లో అది కూర్చోవడం మానేసి చాలా కాలమైంది.

"విన్నావట."

"రెండో భాగం మొదట్లో నీకు జలుబు చేసింది."

కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"ఎవరూ పట్టుకోలేదు నాన్నా అది."

"వాళ్లు విన్నారా నేను విన్నట్టు? పేజీ చివర ఎందుకు ఆగుతావు?"

"నువ్వు ఊఁ అనందే నాకు పేజీ తిరగదు."

నేను మొహం గోడ వైపు తిప్పుకున్నాను. దాని మొహం నాకు ఎలాగూ కనిపించదు. నాది దానికి కనిపిస్తుంది.

"ఎలా ఉంది నాన్నా?" అంది. అంత వాగుడుకాయా గొంతు తగ్గించి అడిగింది.

"కుట్టు గట్టిగా ఉంది. ఎక్కడా వదలలేదు."

ఆ మాట నేను నా జీవితంలో ఇంకొకరి పనికి అనలేదు. అది దానికి తెలుసు. చాలాసేపు కూర్చుంది. లేచే ముందు, "నాన్నా, షాపు సంగతి..." అని మొదలుపెట్టింది.

"ఎత్తకు."

షాపు అదే మూయించింది. ఆ లెక్క మారదు, క్షమించేదీ లేదు. కానీ ఎవరైనా మీ అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే, పుస్తకాలు చదువుతుంది, అది గొంతు విప్పితే ఎక్కడెక్కడివాళ్లో వింటారు, అని తలెత్తి చెబుతాను. షాపు గురించి మాత్రం నన్ను ఎవరూ అడగొద్దు. అదే మూయించిందని దానితోనూ అనను, ఇంకెవరితోనూ అనను. ఆ మాట ఇక నా నోట రాదు.