మూడో పేరు

బ్యూరెట్‌లోంచి పర్మాంగనేట్ చుక్కచుక్కగా దిగుతోంది. ఫ్లాస్క్ తిప్పుతున్న తిరుమల కుడి మణికట్టు పొద్దుటి నుంచీ సలుపుతూనే ఉంది. అయిదింటికి లేచి అన్నం వండిపెట్టి, ఆరూ యాభై బస్సులో సీటు దొరక్క, పద్దెనిమిది కిలోమీటర్లు పైకడ్డీ పట్టుకుని నిలబడి భద్రాచలం వచ్చింది. ఎముకలో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టుంది. అయినా ఇది బీఎస్సీ రెండో ఏడు కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష. ఒక్క చుక్క ఎక్కువ పడితే లెక్క తప్పుతుంది. పళ్లు బిగబట్టి, కళ్లు ఆ రంగు మీదే నిలిపింది.

సికిల్ సెల్ జబ్బు ఆమెకు పుట్టుకతోనే వచ్చింది. ఆ సంగతి పదకొండో ఏటగానీ తేలలేదు. అంతవరకూ కాళ్ల నొప్పులని ఏడ్చినప్పుడల్లా గాలి సోకిందని తాయెత్తులు కట్టారు. ఇప్పుడు నెలనెలా ఏరియా దవాఖానాలో ఇచ్చే మాత్రలు, ఎక్కడికెళ్లినా చేతిలో నీళ్ల సీసా, నాలుగైదు నెలలకోసారి రక్తం. ఇవి సరిగా అందితే చదువుకోగలదు. ఆదివారాలు అమ్మ వెంట మిరప కోతకు పోగలదు కూడా. పొద్దంతా నడుం వంచితే మొన్నటిదాకా మూడు వందల యాభై, ఇప్పుడు నాలుగు వందలు వస్తాయి.

అటెండరు వచ్చి లెక్చరర్ రాజ్యశ్రీ మేడమ్ చెవిలో ఏదో చెప్పాడు. బయట బల్ల మీద పెట్టిన తిరుమల ఫోను ఆగకుండా మోగుతోందట. ఒకటి రెండుసార్లు కాదు, పద్నాలుగుసార్లు. మేడమ్ తల ఊపింది. తిరుమల బయటికి వెళ్లి ఫోనెత్తింది.

అవతల రోజారాణి. వాళ్ల పల్లె ఇప్పలగుంపులో ఆశా వర్కరు. నడుస్తూ మాట్లాడుతున్నట్టు రొప్పుతోంది.

"జల్దీ రా తిరుమలా. పోతయ్య బిడ్డ పొద్దుగాల సచ్చిపోయింది. మీ అమ్మనే చేతబడి చేసిందని కరెంటు స్తంభానికి కట్టేసిండ్రు. నేను పోలీసులకు, వందకు ఫోన్ చేసిన. వాళ్లొచ్చేదాంక ఏమైతదో."

పరీక్ష మధ్యలో వెళ్లిపోతే మళ్లీ రానివ్వరు. మేడమ్ ఆ మాట చెప్పబోయి, తిరుమల ముఖం చూసి ఆగింది. తిరుమల ఏప్రన్ విప్పను కూడా విప్పలేదు. గేటు దాటి దొరికిన ఆటో ఎక్కింది.

టేకు చెట్ల మధ్య రోడ్డు వెనక్కి పోతుంటే ఆమెకు ఒకే పేరు గుర్తొస్తోంది. భార్గవి. ఆరేళ్ల పిల్ల. పోతయ్యకు ఒక్కతే కూతురు. రెండు జడలు వేసుకుని, అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడి, సూది గుచ్చితే ఏడవనని పందెం కాసి నిజంగానే ఏడవలేదు.

అది కిందటి నెల. కాలేజీ స్టడీ ప్రాజెక్టు కోసం తిరుమల తన జబ్బునే అంశంగా తీసుకుంది. రోజారాణిని, ప్రైమరీ హెల్త్ సెంటర్ ల్యాబ్ టెక్నీషియన్‌ను వెంటబెట్టుకుని గుంపులోని ముప్పై రెండు మంది పిల్లల వేలు గుచ్చి నాలుగేసి చుక్కల రక్తం తీసుకుంది. కాలేజీ ల్యాబులో పరీక్ష చేస్తే నాలుగు గొట్టాల్లో ద్రవం మసకబారింది, జబ్బున్న గుర్తు అది. అందులో ఒకటి భార్గవిది. పదకొండు రోజుల కిందటి మాట అది. తల్లిదండ్రులకు చెప్పి, పెద్ద పరీక్షకు పంపించాలి. రేపే చెబుదామనుకుంది. ఆ సాయంత్రమే తనకు నొప్పులు ముంచుకొచ్చాయి. మూడు రోజులు దవాఖానాలో పడుకుంది. తిరిగొచ్చాక రికార్డులు రాయడం, పరీక్షకు చదవడం. రోజుకు రెండుసార్లు పోతయ్య ఇంటి ముందునుంచే బస్సుకు పోయింది. రేపు ఆదివారం, తీరిగ్గా కూర్చుని చెబుదామనుకుంది.

గురువారం పిల్లకు జ్వరం వచ్చింది. ఆర్‌ఎంపీ రెండు సూదులు వేశాడు. తగ్గలేదు. నిన్న, శుక్రవారం, భూతవైద్యుడిని పిలిచారు. వాడు వేపమండ ఆడించి, ఈ పిల్ల నెత్తురు ఎవరి చేతికి పోయిందని అడిగాడు. పిల్ల తల్లి తిరుమల పేరు చెప్పింది. ఆ తర్వాత మిగతాది అందరూ కలిసి అల్లుకున్నారు. తిరుమల తల్లి బతుకమ్మ. ఆమె కూతురు బతకాలంటే వేరేవాళ్ల నెత్తురు ఎక్కించాలి కదా. నెలల తరబడి ఎక్కిస్తూనే ఉన్నారు కదా. తల్లి మంత్రం వేస్తే కూతురు సీసాలో పట్టుకుపోయింది. పైగా బతుకమ్మ బుధవారం నాడు ఆ పిల్ల చేతిలో జామపండు పెట్టింది.

ఆటో దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఆసామి వెంకటప్పయ్య మిరప కళ్లం దగ్గర వంద మంది ఉన్నారు. ఎండలో ఆరబోసిన కాయల ఘాటుకు జనం దగ్గుతూనే నిలబడ్డారు. ఎవరూ కదలడం లేదు.

బతుకమ్మ చేతులు వెనక్కి విరిచి స్తంభానికి కట్టేశారు. చీర చిరిగి ఒక భుజం మీద వేలాడుతోంది. చింతబరికె దెబ్బలకు వీపు చిట్లి, జాకెట్టు రక్తానికి అంటుకుపోయింది. తల ఒక పక్కకు వాలింది. నోటి నుంచి కారిన రక్తం రొమ్ముల మీదికి జారుతోంది. పోతయ్య చేతిలో కంచె తీగలు బిగించే కటింగ్ ప్లేయరుంది. మంత్రం పలికే నోట్లో పళ్లుండకూడదని భూతవైద్యుడు చెప్పాడు. అప్పటికే రెండు పీకారు. అవి ఆమె కాళ్ల ముందు, మిరపకాయల పక్కన పడి ఉన్నాయి.

ఆమె తన్నుకోకుండా రెండు కాళ్లూ ఒడిసిపట్టుకుని కూర్చున్నవాడు చందర్. తిరుమల నాయనకు సొంత తమ్ముడు.

షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలో వెంకటప్పయ్య కూర్చుని ఉన్నాడు. వాళ్ల నాన్న కోస్తా నుంచి వచ్చి కొన్న ముప్పై ఎకరాలు ఇప్పుడు ఎనభై అయ్యాయి. మూడు వారాల కిందట ఇదే బతుకమ్మ నలభై మంది ఆడవాళ్లను గట్టు మీద కూర్చోబెట్టి, నాలుగు వందలిస్తేనే కోతకు దిగుతామంది. ఎండిపోతున్న పంట చూసుకుని అతను ఆ రోజు ఇచ్చాడు. ఇవాళ అతను ఎవరినీ కొట్టమనలేదు. ప్రాణం మాత్రం తియ్యొద్దర్రా, నోరు కట్టిస్తే చాలు అని మెల్లగా చెబుతున్నాడు.

తిరుమల జనాన్ని తోసుకుంటూ వెళ్లి తల్లి మీద అడ్డంగా పడింది. మొదటి దెబ్బ మోచేతి మీద పడింది. ఎముక లోపల తెల్లటి మెరుపు మెరిసింది. రెండోది భుజం మీద. ఎవరో జుట్టు పట్టి వెనక్కి ఈడ్చారు. ఆమె తల్లి నడుం చుట్టూ వేసిన చెయ్యి వదల్లేదు.

పోతయ్య ముఖం ముఖంలా లేదు. పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి కళ్లు మూసుకుపోయాయి. ప్లేయరు తిరుమల ముఖానికి దగ్గరగా తెచ్చాడు.

"నా బిడ్డ నెత్తురు ఏడ వోసినవ్? చెప్పు."

"కాలేజిల పరీక్ష చేసిన పోతయ్య మామా. నీ బిడ్డకు నాకున్న జబ్బే ఉన్నది. అది చేతబడి గాదు. నాకున్నదే దానికీ ఉన్నది."

అతని చేతిలో ప్లేయరు కొంచెం కిందికి దిగింది. ఆ మాట అతనిలోకి దిగడం తిరుమలకు కనిపించింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

ఆమె తల్లి నడుం చుట్టూ వేసిన చెయ్యి ఇంకా బిగించింది. 

"ఎప్పుడు తెలిసిందే నీకు?" అని అరిచి అతను ప్లేయరుతోనే కొట్టాడు. కనుబొమ ఎముక మీద చర్మం చీలింది. రక్తం కంట్లోకి దిగి సగం లోకం ఎర్రబడింది. అతను మళ్లీ చెయ్యెత్తాడు. ఈసారి ఆమె మీద కాదు, కట్టేసి ఉన్న బతుకమ్మ దవడ మీద దించాడు. ఏదో విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. కాళ్లు పట్టుకున్న చందర్ అప్పుడు తల తిప్పుకున్నాడు. పట్టు మాత్రం సడలించలేదు.

పోలీసు జీపు కళ్లం మలుపు తిరిగేసరికి జనం చెల్లాచెదురయ్యారు. పరుగెత్తే కాళ్ల కింద మిరపకాయలు పటపట విరిగాయి. ఆ ఖాళీ కళ్లంలో తిరుమల ఒక చేత్తోనే తల్లి కట్ల ముడులు విప్పుకుంటూ కూర్చుంది. రోజారాణి వచ్చి పళ్లతో కొరికి తాడు తెంపింది.

మర్నాటికి లెక్క తేలింది. బతుకమ్మకు దవడ రెండుచోట్ల విరిగింది, పక్కటెముక ఒకటి పోయింది, పళ్లు మూడు. దవడకు తీగలు కట్టారు కాబట్టి నెలన్నర దాకా మాట్లాడే వీలు లేదు. తిరుమల కనుబొమకు ఆరు కుట్లు పడ్డాయి. దెబ్బలకు జబ్బు తిరగబెట్టి కీళ్లన్నీ వాచాయి. చేతికి సెలైన్ పెట్టి తల్లి పక్క మంచంలోనే పడుకోబెట్టారు. రాజ్యశ్రీ మేడమ్ సాయంత్రం వచ్చింది. ప్రాక్టికల్ వచ్చే ఏడు మళ్లీ రాయాల్సిందేనని చెప్పింది.

నాయన మంగయ్య బొగ్గు గని నుంచి పొద్దున్నే వచ్చాడు. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పని. నాలుగు రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు. భార్య ముఖం చూసి గోడకు ఆనుకుని కూలబడిపోయాడు. 

మూడో రోజు వెంకటప్పయ్య బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. మంచం అంచున కూర్చుని, జరగకూడనిది జరిగిందన్నాడు. బిడ్డ పోయిన మనిషి ఒళ్లు తెలియకుండా చేశాడన్నాడు. రాజీ కాగితం మడత విప్పి మంగయ్య చేతికిచ్చాడు. ఖర్చులు తాను చూసుకుంటాడట. ఊళ్లో మళ్లీ ఎవరూ ఒక్క మాట అనకుండా తనదే పూచీ అట. చీకట్లో బాత్రూం దగ్గర జారిపడ్డానని బతుకమ్మ వేలిముద్ర వేస్తే చాలునట.

"చదువుకున్నదానివి, నీకు తెలియంది కాదమ్మా," అన్నాడు తిరుమలతో. "ఆ పిల్లకి జబ్బుందని తెలిసి నువ్వు చెప్పలేదని రేపు కోర్టులో అడిగితే నీ చదువేమవుతుందో కూడా చూసుకో."

అతను వెళ్లాక మంగయ్య కాగితం మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. వేలిముద్ర వేయిద్దామన్నాడు. ఇల్లక్కడే ఉంది, రేషన్ అక్కడే, రేపు అమ్మ నడవగలిగితే కోతకు పోవాల్సింది కూడా అక్కడేనన్నాడు. అతని గొంతులో కోపం లేదు, భయం కూడా లేదు. అలసట ఒక్కటే ఉంది.

వార్డు గుమ్మంలో మహిళా కానిస్టేబుల్ ప్యాడు పట్టుకుని నిలబడి ఉంది. గుంపులో ఎవరినడిగినా చూడలేదనే అంటున్నారు. రోజారాణి ఒక్కతే చూశానంది. ఇంకెవరైనా పేర్లు పెట్టి రాసిస్తేగానీ కేసు నిలవదని కానిస్టేబుల్ మూడుసార్లు చెప్పింది.

తిరుమల లేచి కూర్చుంది. నాయన చేతిలోంచి రాజీ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి బత్తాయిల సంచిలో వేసింది. కానిస్టేబుల్‌ను లోపలికి రమ్మని ప్యాడు ఒళ్లో పెట్టుకుంది. సెలైన్ లేని చేత్తో, వాచిన వేళ్ల మధ్య పెన్ను ఇరికించుకుని రాయడం మొదలుపెట్టింది.

మొదట తన సంగతే రాసింది. ఫలానా రోజున భార్గవి రక్తంలో జబ్బు ఉన్నట్టు నాకు తెలిసింది, పదకొండు రోజులు నేను వాళ్లింటికి వెళ్లి చెప్పలేదు, చెప్పాల్సింది అని. ఆ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది. దాని కింద పోతయ్య పేరు రాసింది. కూతురును పూడ్చిన మట్టి ఇంకా ఆరని మనిషి పేరు రాయడం ఆమెకు సులువు కాలేదు. రెండోది వెంకటప్పయ్య పేరు. అది రాయడానికి చెయ్యి ఆగలేదు.

మూడో అంకె వేసి ఆగింది. మంగయ్య కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"ఆ ఒక్క పేరు ఇడిసిపెట్టు బిడ్డా. నా తమ్ముడాడు."

ఆమె తలెత్తలేదు. నొప్పులొచ్చిన రాత్రుళ్లు బండి మీద ఇదే దవాఖానాకు మోసుకొచ్చింది చందరే. పోయిన వానాకాలం రక్తం దొరక్కపోతే, ఇదే వార్డు పక్క గదిలో చొక్కా చెయ్యి మడిచి పడుకున్నదీ చందరే. పక్క మంచంలో బతుకమ్మ మెలకువగానే ఉంది. వాచిపోయిన కళ్లు కొద్దిగా తెరిచి కూతుర్ని చూసింది.  తల గోడవైపు తిప్పుకుంది.

"ఆడు నీకు నెత్తురిచ్చిండు తిరుమలా," అన్నాడు మంగయ్య. 

"అవ్ నాయనా, ఇచ్చిండు," అంది ఆమె. "గది గూడ రాస్త."

మూడో అంకె పక్కన చందర్ పేరు రాసింది. దాని ముందు మా చిన్నాయన అని రాసింది. మంగయ్య ఆ అక్షరాలను కాసేపు చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా వార్డు బయటికి నడిచాడు. ఆయన ఎటు వెళ్తున్నాడో తలెత్తి చూడలేదు తిరుమల. తల్లి కాళ్లు ఎవరు పట్టుకున్నారో, ఎంతసేపు పట్టుకున్నారో, తర్వాతి వాక్యం రాస్తోంది.