ఐదో విస్తరి

ఇయ్యాల గూడ జాబు రాకపోతే ఎట్ల అత్తా, అని పైకే అనేశాను, చేతిలో చేట ఉంది, చేటలో పెత్రమాస బియ్యం ఉన్నాయి, వాకిట్లో ఇంకా ఎండ కూడా పడలేదు, ఏమీ జరగకముందే నోరు జారింది, చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యమిచ్చే రోజు పొద్దున్నే అటువంటి మాట అనకూడదని తెలుసు, అయినా అత్త పలికితే కదా, దర్వాజ పక్కన గోడకు ఒరిగి కూచుని తోటకూర తుంచుతోంది, నా వైపు తలైనా తిప్పలేదు, మా అత్త పోశవ్వ నాతో మాట్లాడక నేటికి సరిగ్గా ఏడాది, పోయిన పెత్రమాస నుంచి ఈ పెత్రమాస దాకా, ఏదైనా కావాలంటే గుంజతోనో బర్రెతోనో చెబుతుంది, ఎవలన్న జర నీళ్లు కాగవెడితె బాగుండు అని గుంజతో అంటే నేను పొయ్యి రాజేస్తాను, ఈ ఇంట్ల ఉప్పు అగ్గువైంది అని బర్రెతో అంటే పులుసులో ఉప్పు ఎక్కువైందని తెలుసుకుంటాను, బర్రెకు కూడా అలవాటైంది, అత్త గొంతు వినగానే చెవులు ఆడిస్తుంది, నాకే ఇంకా అలవాటు కాలేదు.

హనుమండ్లు రాసిన కార్డు వచ్చి ఇరవై రెండు రోజులు, ఒక్కగానొక్క కొడుకు, లడాయికి పోయిన పట్టాళంలో ఉన్నాడు, అవ్వా ఫికర్ చేయకు, నేను లారీ నడుపుతున్న అంతే, తుపాకి పట్టేటోళ్లు వేరే అని రాశాడు, వాడు రాసింది నన్ను నిమ్మళపరచడానికే, కానీ బాంబు వేసేవాడు లారీని చూసే కదా వేస్తాడు, పొలంలో నడిచే మనిషి పైనుంచి కనబడతాడా, లారీ కనబడుతుంది, నాకు చదువు రాకపోయినా బాగుండేది, ఎవరో చదివి చెబితే ఒకసారి విని ఊరుకునేదాన్ని, మూడో తరగతి దాకా చదివాను కాబట్టి ఆ కార్డును రోజుకు పదిసార్లు చదువుతున్నాను, చదివిన ప్రతిసారీ ఏదో ఒక అక్షరం వంకరగా కనబడుతుంది, రాసేటప్పుడు వాడి చెయ్యి వణికిందేమో, జ్వరంతో ఉన్నాడేమో, చీనా లడాయి అయిన మరుసటేడు హుస్నాబాద్‌లో పట్టాళంలోకి మనుషులను తీసుకుంటున్నారంటే పోయి, అవ్వా, నా ఛాతి సరిపోయింది అని నవ్వుకుంటూ వచ్చాడు, బర్రె పాలన్నీ వాడికే పోసి పెంచాను, ఆ పాలు పోయకుంటే ఛాతీ రెండు వేళ్లు తక్కువయ్యేది, వాడు ఇక్కడే ఉండేవాడు, ఇవ్వాళ సాయంత్రం బతుకమ్మకు గునుగు పూలు కోసుకొచ్చి, వాటికి రంగు అద్దుతూ, చిన్నప్పటిలాగే చేతులు మోచేతుల దాకా ఎర్రరంగు చేసుకుని, పూలకంటే గోడలకే ఎక్కువ అద్ది తిట్లు తినేవాడు, పట్టాళానికి పోయే ముందు దసరాకు కూడా, అంత మనిషయ్యీ, రంగు నేనే అద్దుత అవ్వా అన్నాడు, ఆ మరక ఇంకా వంటింటి గోడ మీద ఉంది, రెండేళ్లుగా ఆ ఒక్క చోట సున్నం వేయనివ్వలేదు.

మొన్న పక్కింటి దర్జీ జబ్బార్ వచ్చి చెప్పాడు, హోటల్ కాడి రేడియోల విన్న అక్కా, లడాయి బందయ్యింది, ఇగ పరేషాన్ గాకు, మనోడు వస్తడు చూడు అన్నాడు, అన్నాడు గానీ అతని మొహం కూడా పీక్కుపోయి ఉంది, అతని చెల్లెలు రషీదా కరాచీలో ఉంది, లడాయి ఆ దేశంతోనే, అక్కడి నుంచి జాబులే లేవు, ఒకే రేడియో ముందు కూచుని అతను ఇటు బాంబుకూ భయపడాలి, అటు బాంబుకూ భయపడాలి, నీ చెల్లె ఎట్లుందో అని నేను అడగలేదు, అడగాలని ఇప్పుడు తోస్తోంది, నా కొడుకు తప్ప లోకంలో ఇంకెవరూ లేనట్టు బతుకుతున్నాను ఈ ఇరవై రెండు రోజులూ, లడాయి బందయితే జాబు రావాలి కదా, రాలేదంటే బంద్ కాకముందే ఏదో అయి ఉండాలి, వద్దు, అటు పోవద్దు, బియ్యంలో రాళ్లు ఏరుకో బాలలక్ష్మీ అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

మోదుగాకుల విస్తళ్లు కుట్టి పెట్టాను, ఎన్ని కుట్టానో చూసుకుంటే ఐదు, మామకొకటి, మామ తల్లికీ తండ్రికీ రెండు, పురిట్లోనే పోయిన పెద్దాడబిడ్డకు ఒకటి, నాలుగు, ఐదోది చెయ్యి దానంతటదే కుట్టింది, నిరుడు కుట్టినట్టే, నిరుడు ఆ ఐదో విస్తరి మా మరిది బుచ్చిరాములు కోసం కుట్టాను, రజాకార్ల కాలంలో, పంతొమ్మిదేళ్ల పిల్లగాడు, నిజాం మీద కొట్లాడేవాళ్లు సరిహద్దు అవతల చాందా దిక్కున ఉన్నారని, అక్కడికి పోతానని బయలుదేరాడు, అప్పటికి హనుమండ్లుకు మూడేళ్లు, వీడిని భుజాల మీద ఎక్కించుకుని వాకిలి చుట్టూ రెండు చుట్లు తిప్పి దింపాడు, దసరాకొస్త వదినె, నాకో రొట్టె ఉంచు అని నాతోనే అన్నాడు, దసరాకు ముందే యూనియన్ సైన్యం వచ్చింది, ఊళ్లో కొత్త జెండా ఎగిరింది, చాందా పోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు, బుచ్చిరాములు రాలేదు, చచ్చిపోయాడని చెప్పినవాడూ లేడు, చూశానని చెప్పినవాడూ లేడు, రొట్టె ఉంచమన్నది నాతో, ఉంచింది మాత్రం అత్త, పదిహేడేళ్లుగా ప్రతి సాయంత్రం ఒక జొన్నరొట్టె ఎక్కువ చేసి గంప కింద మూసిపెడుతుంది, తెల్లారి బర్రెకు వేస్తుంది.

నేను ఎన్ని మాటలన్నాను, కొత్తలో ఏమీ అనలేదు, తర్వాత తర్వాత అనడం మొదలుపెట్టాను, రొట్టె దండుగ అత్తా, వచ్చేటోడైతే ఇన్నేండ్లు రాకుంటడా అన్నాను, పన్నెండేళ్లు కనబడని మనిషిని పోయినవాళ్లలో కలపవచ్చని పెద్దలు చెబితే, ఆ ఆత్మ దాహంతో తిరుగుతోందేమో, ఇంటికి కీడేమో, కొడుకు పట్టాళంలో ఉన్నాడు, వాడికి తగులుతుందేమోనని నాకు భయం పట్టుకుంది, నిరుడు పెద్దల బియ్యం తీసుకునే జంగమయ్య లింగమూర్తి వచ్చి పేర్లు చెప్పమంటే మా ఆయన రాయమల్లు నాలుగు చెప్పాడు, ఐదోది నేను వెనక నిలబడి మెల్లగా అందించాను, మెల్లగానే అన్నాను, అయినా అత్త చెవిన పడింది, చేతిలో ఇత్తడి చెంబు కింద పెట్టింది, చప్పుడు కాకుండా పెట్టింది, అప్పటి నుంచి నాతో మాట లేదు, నా కొడుకు కోసం ఆమె కొడుకును చంపాను, అదీ సోలెడు బియ్యంతో.

ఆ విస్తరే ఇప్పుడు నన్ను పట్టుకుంది, ఒకసారి ఇచ్చినంక ఏటేటా ఇయ్యాలె, మానద్దు అని రాయమల్లు పొద్దున్నే అన్నాడు, ఇస్తే ఆమె కొడుకు మళ్లీ పోతాడు, ఇవ్వకుంటే విస్తరి ఖాళీగా ఉంటుంది, ఖాళీ విస్తరి ఏ పేరు అడుగుతుందో, బర్రె అరిచింది, అత్త చేతికి తోటకూర మట్టి ఉందని ఇవ్వాళ నేనే రొట్టె వేద్దామని లోపలికి పోయి గంప ఎత్తాను, గంప కింద రెండు రొట్టెలు ఉన్నాయి, రెండు, నిన్న లెక్క తప్పిందేమో అనుకున్నాను, కాదు, ఈ నెలలో జొన్నపిండి తొందరగా అయిపోతోందని రాయమల్లు గొణిగాడు కదా, లడాయి మొదలైన నాటి నుంచీ అన్నమాట, ఒకటి పదిహేడేళ్లనాటిది, ఇంకొకటి ఎవరిదో నాకు చెప్పాల్సిన పనిలేదు, నాతో మాట్లాడని మనిషి నా కొడుక్కు రొట్టె పెడుతోంది, పొయ్యి ముందు కూచుండిపోయాను, ఎదురుచూడటం పిచ్చి అనుకున్నాను ఇన్నాళ్లూ, అది మనిషి లేని ఇంట్లో ఆ మనిషికి అన్నం పెట్టే పని, ఆ పని ఆపిన రోజే మనిషి పోతాడు, అంతకుముందు కాదు.

టపా పంచే నాగయ్య సైకిల్ మా వాకిలి ముందు ఆగకుండా పోయింది, ఆ వెనకే జంగమయ్య వచ్చాడు, పీట మీద కూచుని, కానీయుండ్రి, ఇంకా తొమ్మిదిండ్లు తిరగాలె అన్నాడు, రాయమల్లు నాలుగు పేర్లు చెప్పాడు, నాలుగు విస్తళ్లలో బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడిముక్క పెట్టి ఇచ్చాడు, ఐదోదాంట్లో బియ్యం పోసి ఆగాడు, ఐదో పేరు చెప్పు బాలవ్వా, నిరుడు నువ్వే గద అందించింది అన్నాడు జంగమయ్య, నాలుగే అయ్యా అన్నాను, అరే, నిరుడిచ్చినం గదనే అన్నాడు రాయమల్లు, నిరుడు నేను తప్పు జేసిన, మా మరిది ఊరికి పోయిండు, ఇంకా రాలే, గంతే అన్నాను, ఐదో విస్తరిలోని బియ్యం ఒడిలో పోసుకున్నాను, ఆకు మడిచి పొయ్యి దగ్గర పెట్టాను, జంగమయ్య నా మొహం చూశాడు, రాయమల్లు అత్త వైపు చూశాడు, అత్త ఎవరినీ చూడలేదు, తోటకూర కాడ ఒకటి చేతిలో అలాగే ఉంది, జోలె భుజాన వేసుకుని జంగమయ్య పోయాడు, ఎండ దర్వాజ దాటి లోపలికి వచ్చింది, వీధిలో ఆడపిల్లలు తంగేడు పూల గంపలతో పోతున్నారు, పొద్దున నోరు జారిన మాటే మళ్లీ వచ్చింది, జాబు వస్తదా అత్తా అన్నాను, గుంజ వైపు కాదు, బర్రె వైపు కాదు, ఆమె మొహంలోకి చూసి అడిగాను, కాడ విరిచి చేటలో వేసింది.

పదిహేడేండ్ల సంది నేను చూస్తలేనా బాలవ్వా, ఇరువై దినాలకే నువ్వట్లయితె ఎట్ల, వస్తది, ముందుగాల ఆ బియ్యం తీస్కపోయి కుండల పొయ్యి.