ఆదివారం తిప్పిన మోటారు

ట్రేలలో మూడు వేల టమాటా మొక్కలు. ఎల్లుండి లారీ ఎక్కాలి. అవి పోతే ఈ ఏటికి మా నర్సరీ మూసుకోవడమే. మోటారేమో స్విచ్చి వేయగానే కీచుమంటుంది గానీ గొట్టంలోంచి చుక్క రాదు, కిందనుంచి మాత్రం బొటబొటా కారుతుంది. ఒళ్ళు మండదా మరి?

వానలు పడిన నాలుగు నెలలూ దాన్ని గొట్టం నుంచి విప్పి షెడ్డులో దాచింది మా ఆయన. అందుకే ఆయన్నే పట్టుకున్నాను.

"లోపల నీళ్ళు వంచేశారా, అలాగే మూటగట్టి పడేశారా? ఒక్క పనైనా సవ్యంగా చేసి చచ్చారా?"

"వంచాను. ఆరబెట్టాను కూడా."

"ఆహా, ఆరబెట్టారు! అందుకే అది ఇలా ఏడుస్తోంది."

ఆయన రెండు బకెట్లు పట్టుకుని వీధి చివరి కుళాయికి నడిచాడు. అది చూస్తే నాకు ఇంకా మంట.

మెకానిక్ వచ్చాడు. ముందు ప్లగ్గు పీకి, వైరు తన పక్కనే పెట్టుకుని, అప్పుడు బోల్టులు విప్పాడు. షెడ్డులో దాన్ని దాచిన చోటు కూడా చూసొచ్చాడు.

"లోపల తుప్పు మచ్చ లేదు. గ్రీజు రాశారు, నేల చెమ్మ తగలకుండా ఇటుకల మీద పెట్టారు, గాలాడేలా గోనెపట్టా కప్పారు. ఇంత శ్రద్ధగా దాచిన మోటారు నేను చూడలేదమ్మా."

"మరి ఏం రోగం దానికి?" నాకు చిర్రెత్తుకొచ్చింది.

నల్లగా మాడిన రింగొకటి నా చేతిలో పెట్టాడు. "నీళ్ళు కారకుండా ఆపే సీలు ఇది. నీళ్ళు లేకుండా మోటారు వేస్తే ఇలాగే మాడుతుంది. ఒకసారి కాదు, చాలాసార్లు వేశారు. ఎవరమ్మా?"

ప్రతి ఆదివారం ఆయన బయటికి వెళ్ళగానే షెడ్డులో దూరి, బిగుసుకుపోకూడదని ఐదేసి నిమిషాలు దాన్ని తిప్పింది నేనే. ఆయన మీద నమ్మకం లేక.

"కొత్త సీలు రేపు సాయంత్రానికి గానీ దొరకదు," అని మెకానిక్ వెళ్ళిపోయాడు.

మా ఆయన బకెట్లతో వచ్చాడు. అరచేతులు కందిపోయి ఉన్నాయి. అప్పటికే ఒక వరుస మొక్కలు తలలు వేలాడేశాయి.

"తప్పు నాదేనండీ. ఆదివారాలు నేనే మోటారు వేశాను."

"తెలుసు. ఒకరోజు గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చినప్పుడు విన్నాను."

"మరి అప్పుడే ఆపొచ్చుగా! నోరు పడిపోయిందా?" అని అరిచాను.

ఆయన మగ్గుతో మొక్కలకి నీళ్ళు పోస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు:

"ఆపితే, ఇదిగో, ఇలాగే అరుస్తావని."